వేలాడిన మధ్యాహ్నం

కాళ్ళ పట్టీలు ఉన్నాయా? కళ్ళు తెరవకముందే ఆమె చేతులు వెతికినవి అవే. కుడి తొడ మీద బకిల్ ఉంది, ఎడమ తొడ మీద ఉంది, ఛాతీ మీద అడ్డపట్టీ ఉంది, మూడూ బిగిసే ఉన్నాయి, అంటే తను ఇంకా ఒంటికి బిగించుకున్న హార్నెస్‌లోనే కూర్చుని ఉంది, కానీ కింద నేల లేదు. కృష్ణవేణి కళ్ళు తెరిచింది. రెండు బూట్ల నడుమ నుంచి రాళ్ళు కనబడ్డాయి, చాలా కింద, ఎండలో తెల్లగా. మళ్ళీ మూసుకుంది. ఏం జరిగింది? హార్సిలీ కొండ అంచు నుంచి బాగానే ఎగిరింది, బి.కొత్తకోట వైపు చేలు కనబడ్డాయి, ఆ తర్వాత కొండకొమ్ము దాటుతుండగా గాలి పక్కకు తిరిగింది, నెత్తిమీది పారాగ్లైడర్‌లో ఎడమ సగం తడిబట్టలా ముడుచుకుపోయింది, రాతిచరియ మీదికి దూసుకొచ్చింది, ఆకులు, కొమ్మలు విరిగిన చప్పుడు, ఆపైన ఏమీ లేదు. ఇప్పుడు ఆ నీలం గుడ్డంతా చరియ చీలికలో మొలిచిన జువ్వి చెట్టు నెత్తిన పరుచుకుని ఉంది, దాని సన్నటి తాళ్ళు కొమ్మల్లో చిక్కుకుని ఉన్నాయి, ఆ తాళ్ళ కొసన తను ఉంది. పుంగనూరు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పే కృష్ణవేణి, ఒక ఆడపిల్ల తల్లి, చెట్టుకు కాసినట్టు వేలాడుతోంది.

కదలకూడదు. కదిలితే పైన ఏదో కిర్రుమంటోంది. జువ్వి కొమ్మ గట్టిదా, పెళుసుదా? ఎవరైనా ఎప్పుడైనా చెప్పారా? చింతకొమ్మ గట్టిది, మునగకొమ్మ ఎక్కితే విరుగుతుంది, ఇవి తను పుట్టిన గుడుపల్లెలో పసిపిల్లలకు కూడా తెలుసు, జువ్వి సంగతి ఎవరూ చెప్పలేదు, ఎందుకంటే దాన్ని ఎవరూ ఎక్కరు. చెట్లు ఎక్కింది కూడా ఎప్పుడు గనక. పడతావు. అమ్మ నోట ఎప్పుడూ అదే మాట. గోడెక్కితే పడతావు, సైకిలెక్కితే పడతావు, మిద్దె అంచుకు పోతే పడతావు, బావిలోకి తొంగిచూస్తే పడతావు. అమ్మకు పెళ్ళికాక ముందు ఆమె అన్న టెంకాయ చెట్టు మీద నుంచి పడిపోయాడట, ఆ పడటం అమ్మ కళ్ళలోనే ఉండిపోయింది, ఆ కళ్ళతోనే కూతుర్ని పెంచింది. అమ్మ సావిత్రమ్మ కుప్పంలో పట్టు తీసే షెడ్డుకు పనికి పోయేది, వేడినీళ్ళలో పట్టుగూళ్ళు తిప్పి తిప్పి వేళ్ళ కొనలు తెల్లగా నానిపోయి ఉండేవి, ఆ వేళ్ళతో రాత్రి కూతురి మణికట్టు పట్టుకుని పడుకునేది, నిద్రలో కూడా ఎక్కడికో జారిపోతుందన్నట్టు. ఇప్పుడు అమ్మ ఏం చేస్తూ ఉంటుంది? ఆదివారం మధ్యాహ్నం. అరుగు మీద కూర్చుని పక్కింటామెతో మాట్లాడుతూ ఉంటుంది. కూతురు ఇంట్లో పేపర్లు దిద్దుకుంటోందని చెబుతూ ఉంటుంది.

గాలి వచ్చింది. పెద్దది కాదు, ఆకులు కదిలేంత, అయినా నెత్తిమీది గుడ్డ ఒక పక్క బుసబుసమని ఉబ్బింది, తాళ్ళు బిగుసుకున్నాయి, మనిషిని ఒక జానెడు పైకి లేపి మళ్ళీ వదిలింది.  గుడ్డలో గాలి నిండితే చెట్టు మీద నుంచి జారి చరియ దాటి తోసుకుపోతుంది, తనతో సహా. ఎగరడం నేర్పిన మునిశేఖరన్న ఎన్నిసార్లు చెప్పాడు, చెట్టులో పడితే ముందు గుడ్డను గాలి పట్టకుండా చెయ్యాలి. చేతికి అందిన బ్రేకు తాడును మెల్లగా లాగింది, లాగి లాగి మోచేతికి చుట్టుకుంది, ఒక పక్క గుడ్డ ముడతపడి చప్పబడింది. అంతలో కుడి తుంటి దగ్గర ఏదో గుచ్చుకుంటోందని తెలిసింది. విరిగిన కొమ్మ మొన. అది సరిగ్గా రిజర్వ్ పారాచూట్ పిడి పక్కన ఉంది. ఆ ఎర్ర పిడి ఊడితే రెండో గొడుగు జారి బయటపడి, కిందికి వేలాడి, గాలి తగలగానే విచ్చుకుని తనను చెట్టు నుంచి పీకేస్తుంది. ప్రాణం కాపాడడానికి పెట్టుకున్నదే. అరచెయ్యి ఆ పిడి మీద మూసి పెట్టింది. ఒక చెయ్యి అక్కడ, ఒక చెయ్యి తాడు మీద, ఇక ముఖం మీద చీమ పాకుతున్నా తీసుకునే చెయ్యి లేదు.

అప్పుడు మునిశేఖర్ గొంతు వినబడింది. పైనుంచి కాదు, కిందనుంచి. కృష్ణవేణమ్మా, వినబడతాండాదా, పలుకమ్మా. చెవులు భ్రమపడ్డాయేమో అనుకుంది. భుజానికి తగిలించుకున్న వాకీటాకీ లేదు. అది రాళ్ళమీద పడి ఉంది, పడి కూడా పగలకుండా మాట్లాడుతోంది, ఆయన కొండ మీద టేకాఫ్ చోట నిలబడి పిలుస్తున్నాడు, ఆమె ఇక్కడినుంచి ఎంత అరిచినా బొత్తాం నొక్కేవాళ్ళు లేక ఆ డబ్బాకు వినబడదు. పలుకమ్మా. ఆ రెండో పిలుపులో గొంతు మారింది. మిలిటరీలో ఉండి వచ్చిన మనిషి, పిల్లల్ని కొండ అంచున నిలబెట్టి గాలి పాఠం చెప్పేటప్పుడు కూడా ఎప్పుడూ గొంతు పెంచని మనిషి, భయపడుతున్నాడు. ఆయన భయం వినేదాకా తన భయం ఇంకా పూర్తిగా మొదలు కాలేదని ఆమెకు అర్థమైంది.

మేకల గంటలు వినబడ్డాయి, ఆపైన ఒక ఆడమనిషి దగ్గు. ఎవరో రాళ్ళ మధ్య నుంచి వచ్చి తలెత్తి చూసి అక్కడే ఆగిపోయారు. యాభై దాటిన మనిషి, తలకు తువ్వాలు, చేతిలో దోటి. కృష్ణవేణి అరిచింది, అక్కా, ఆ మాట్లాడే నల్లడబ్బా తీసుకోండి, పక్కన బొత్తాం ఉంది, నొక్కి మాట్లాడండి. ఆమె డబ్బా వైపు చూసింది, పామును చూసినట్టు. దోటి మొనతో ఒకసారి కదిపి చూసింది. తర్వాత కొంగుతో పట్టుకుని ఎత్తింది.

"ఎవురప్పా నువ్వు, యాడుండావు? ఈడ ఒక ఆడమనిసి చెట్టుకు యాలాడతాండాది."

డబ్బా గరగరమంది. తర్వాత మునిశేఖర్ చెప్పడం మొదలుపెట్టాడు, ఆమె ఒక్కొక్క మాటా పైకి అరిచి అందించింది, మధ్యలో తన మాటలు కూడా కలుపుతూ. ఆమె పేరు బయ్యమ్మ అని అట్లాగే తెలిసింది, ఆయన అడిగితే డబ్బాకు చెప్పింది. ఏమీ విప్పొద్దంట. తాడు తీసుకోని జీపులో వస్తాండాడంట, చుట్టు తిరిగి వాగులో నుంచి రావల్లంట, అంతసేపు ఓర్సుకోవల్లంట. కాళ్ళు ఊరికే పెట్టొద్దంట, ఆడిస్తానే ఉండల్లంట.

కాళ్ళు. నిజమే, కాళ్ళు ఎప్పటినుంచో తనవి కానట్టు ఉన్నాయి. హార్నెస్‌లో కదలకుండా వేలాడితే తొడల దగ్గర పట్టీలు నొక్కి రక్తం కిందనే నిలిచిపోతుంది, తల తిరుగుతుంది, తర్వాత మనిషికి స్పృహ ఉండదు, ఇవన్నీ విని ఉంది. విన్నప్పుడు ఇదేదో పుస్తకంలో విషయం అనుకుంది. వేగం పెంచడానికి కాళ్ళతో తొక్కే కడ్డీ ఒకటి కింద వేలాడుతూ ఉంటుంది, బూటు మొనతో దాన్ని వెతికింది, దొరికింది, జారింది, మళ్ళీ దొరికింది, రెండు పాదాలూ దానిమీద పెట్టి కొంచెం లేచింది. తొడల్లోకి చీమలు పరుగెత్తినట్టయింది. నొప్పి వచ్చినందుకు ఏడుపు వచ్చింది, నొప్పి ఉందంటే కాళ్ళు ఉన్నాయి.

"యాల ఎక్కినావమ్మా ఆడికి? ఎవురన్నా తరిమినారా?" బయ్యమ్మ అడిగింది.

ఎవరూ తరమలేదక్కా అంది. నేనే వచ్చినా. ఆ జవాబు తనకే చాలలేదు. ఎందుకు వచ్చింది? మదనపల్లెలో డిగ్రీ చదివే రోజుల్లో, తొంభై నాలుగులో, ఎన్‌సీసీ వాళ్ళు కాలేజీ గ్రౌండులో జీపుకు తాడు కట్టి పిల్లల్ని పారాచూట్‌తో పైకి లేపారు. అందరికన్నా చివర నిలబడింది తనే. పట్టీలు బిగిస్తుంటే పళ్ళు టకటకలాడాయి, కాళ్ళు నేల వదలగానే నాలుక కొరుక్కుంది, నోట్లో నెత్తురు ఉప్పగా తగిలింది. పైన ఏం చూసిందో ఒక్కటీ గుర్తు లేదు. దిగాక మాత్రం గుర్తుంది, నేలమీద కూర్చుని నెత్తురు ఉమ్ముతూ నవ్వింది, ఎందుకంటే పుట్టినప్పటినుంచి తన చుట్టూ ఉన్న భయానికి మొదటిసారి ఒక అంచు కనబడింది, ఇక్కడ మొదలైంది, ఇక్కడ అయిపోయింది అని. దానికోసమే వచ్చింది పెళ్ళయి, ఉద్యోగం వచ్చి, బిడ్డ బడికి పోయే వయసయ్యాక కూడా. మరి ఇప్పుడు ఆ అంచు ఏది?

పట్టీలు ఆగుతాయా. అసలు భయం కొమ్మ గురించి కాదు, ఇది. పోయిన వానల్లో తను శిక్షణకని వారం రోజులు ఊళ్ళో లేనప్పుడు భర్త మురళీధర్ ఇల్లు సర్దుతూ హార్నెస్ సంచిని అటక మీద వేరుశెనగ మూటల పక్కన పెట్టాడు. మంచి మనసుతోనే పెట్టాడు, కింద చెమ్మ ఉందని. మదనపల్లె రైల్వే స్టేషన్లో సరుకు మూటల మధ్య పనిచేసే మనిషికి అటక మీద ఎలుకలు ఏం చేస్తాయో తెలియాలి గదా. తను వచ్చి చూసేసరికి సంచి మూల కొరికి ఉంది. ఆ రోజు హార్నెస్ మొత్తం పెరట్లో పరిచి పగటి వెలుగులో ప్రతి పట్టీ వేళ్ళ మధ్య మడిచి చూసింది, ప్రతి కుట్టునూ గోటితో మీటి చూసింది, బకిళ్ళలో ఇసుక ఊదింది, మంచినీళ్ళతో కడిగి నీడన ఆరబెట్టింది, ఎండ తగిలితే ఆ నైలాన్ లోపల్లోపలే పొడిబారుతుందని. పట్టీలు ఎక్కడా తెగలేదు. కానీ వీపు వెనక మెత్త కింద దూరిపోయే భాగం చూసిందా? మెత్త తీసి చూసిందా? తీసినట్టే గుర్తు. ఆ పూట పాప దీప వచ్చి పక్కన కూర్చుని ఏదో అడిగింది, జవాబు చెప్పింది, చెబుతూ మెత్త మళ్ళీ తోసేసిందా, చూశాక తోసిందా? దీప ఏం అడిగింది? అది గుర్తొస్తే ఇది గుర్తొస్తుంది. గుర్తు రావడం లేదు. ఎడమ భుజం వెనక ఏదో పురుకుపురుకుమంటున్నట్టు ఉంది. దారం ఒక్కొక్క పోగూ వదులుతున్నట్టు. లేదు, అది ఆకు. ఆకే. ఆకు అయి ఉండాలి.

మునిశేఖరన్న ఒకే ఒక్కసారి చెప్పిన సంగతి ఇప్పుడే గుర్తు రావాలా. పట్టీలు పెట్టుకునేటప్పుడు కాళ్ళు ముందు, ఛాతీ తర్వాత, విప్పేటప్పుడు ఛాతీ ముందు, కాళ్ళు అన్నిటికన్నా చివర. ఎందుకని ఎవరో అడిగితే, మిలిటరీలో తనతో ఉన్న ఒకతను ఫొటో కోసం పిలిస్తే మధ్యలో ఆగి, కాళ్ళ పట్టీలు మరిచి ఎగిరాడని చెప్పాడు. అతను ఛాతీ పట్టీకి చంకల మీద వేలాడాడు. కింద నుంచి అందరూ చూస్తూనే ఉన్నారు. అంతవరకే చెప్పి, ఆయన లేచి పోయి ప్రతి ఒక్కరి కాళ్ళ పట్టీలనూ తన చేత్తో లాగి చూశాడు. ఈ రోజు కూడా చూశాడు. రెండు లాగుళ్ళు, కుడి ఒకటి, ఎడమ ఒకటి. కృష్ణవేణి ఆ రెండు లాగుళ్ళను మనసులో మళ్ళీ మళ్ళీ లాగించుకుంది.

ఎండ చరియ మీద నుంచి పక్కకు జరిగింది. బయ్యమ్మ ఒక రాయి మీద కూర్చుని ఉంది. ఆమె మేకలు ఎప్పుడో వాగు దాటి అవతలి గుట్టకు ఎక్కుతున్నాయి, గంటలు దూరంగా వినబడుతున్నాయి, ఆమె అటు చూస్తుంది, మళ్ళీ ఇటు చూస్తుంది, లేవదు. ఊరికే ఏదో ఒకటి అడుగుతూ ఉంది. ఏ ఊరు, ఎంతమంది పిల్లలు, ఈరోజు ఏం తిన్నావు. కృష్ణవేణికి జవాబులు చెప్పడం కష్టంగా ఉంది, కళ్ళ ముందు నల్లటి చుక్కలు తేలుతున్నాయి, అయినా చెప్పింది, ఉప్మా అంది, ఒకతే కూతురు అంది. పేరు దీప అంది. మీరు పొండక్కా, మేకలు పోతాండాయి అంది. బయ్యమ్మ వినబడనట్టు, ఉప్మాలోకి ఏం కలుపుకున్నావని అడిగింది.

జీపు చప్పుడు వాగు దగ్గర ఆగింది. మునిశేఖర్ రాళ్ళమీద కుంటుతూ వచ్చాడు, ఆయన వెనక తాడు చుట్ట భుజాన వేసుకుని జీపు నడిపే గోవిందరాజులు. మునిశేఖర్ తలెత్తి చాలాసేపు చూశాడు, చెట్టును, తాళ్ళను, ఆమె పట్టీలను. అప్పుడు మాట్లాడాడు. జేబులో దారం ఉండాదా?

ఉంది. హార్నెస్ పక్క జేబులో ఒక ఉండ. మనిషి ఎక్కడైనా చిక్కుకుంటే కింద నుంచి తాడు పైకి లాక్కోవడానికి ప్రతి ఒక్కరూ ఉంచుకోవాలి. ఆమె దగ్గర ఉన్నది పట్టుదారం. కాలేజీలో లోలకం ప్రయోగానికి గట్టి దారం కావాలని అడిగితే అమ్మ కుప్పం షెడ్డులో పోగులు పోగులుగా కలిపి పేనించి ఇచ్చింది. దేనికో తెలిసి ఉంటే ఇచ్చేదా? పిడి మీద నుంచి చెయ్యి తియ్యాలి. తీసింది. తుంటిని ఆ కొమ్మ మొనకు దూరంగా వంచి, శ్వాస బిగబట్టి జిప్పు లాగింది. దారం కొసకు జేబులోని తాళంచెవి కట్టి వదిలింది. అది చరియకు తగులుతూ, ఆగుతూ, తిరుగుతూ పోయింది, మునిశేఖర్ చేతికి అందాక ఆయన తాడు కట్టాడు, ఆమె లాక్కుంది. సన్నటి పోగు వేళ్ళు కోసింది. తాడు కొసన ఉక్కు కొక్కెం ముందే కట్టి ఉంది. చెట్టు మొదలుకు దగ్గరగా, మనిషి నడుమంత లావున్న కొమ్మ చీలిన చోట తాడు అవతలకు వేసి, కొక్కెం తన భుజాల దగ్గరి రెండు హార్నెస్ రింగులకూ కలిపి తగిలించాలి. దానికి చెట్టు వైపు ఊగాలి. ఊగింది. పైన కిర్రుమంది, ఏదో విరిగింది, గుడ్డ కాస్త జారింది, ఆమె మూరెడు కిందికి వచ్చి ఆగింది.  రెండోసారి ఊగితే తాడు పడింది. కొక్కెం మూసుకున్న టక్కుమనే శబ్దం కోసం చెవి దగ్గర పెట్టి విన్నది, తర్వాత లాగి చూసింది, తర్వాత మళ్ళీ లాగి చూసింది.

కింద రెండో కొసను ఒక బండకు రెండు చుట్లు తిప్పి ముగ్గురూ పట్టుకున్నారు. బయ్యమ్మ కూడా. తాడు బిగిసింది. ఆమె బరువు కొంచెం కొంచెంగా ఆ తాడు మీదికి వస్తూ ఉంది.

"ఇప్పుడు గ్లైడర్ తాళ్ళు కొయ్యమ్మా," మునిశేఖర్ అన్నాడు. "మేం పట్టుకోనుండాం."

భుజం పట్టీకి ఉన్న చిన్న కొడవలి కత్తి తీసింది. ఇంతసేపు తనను పట్టుకున్నవి ఆ తాళ్ళే. వాటిని తన చేత్తోనే కొయ్యాలి. చెయ్యి పోలేదు. ఫిజిక్స్ తెలుసు, బరువు ఎక్కడికి మారుతుందో, ఏ తాడు ఎంత మోస్తుందో పిల్లలకు బోర్డు మీద గీసి చెప్పే మనిషే, అయినా చెయ్యి పోలేదు. మెత్త కింద పట్టీ ఎలుక కొరికి ఉంటే ఇప్పుడే తెలుస్తుంది. కోసింది. ఒక తాడు టప్పుమంది. ఇంకొకటి. ఎడమ గుత్తి అంతా అయిపోయాక పక్కకు ఒరిగింది, కుడి గుత్తి కోస్తుంటే కళ్ళు మూసుకుంది, చివరి తాడు తెగగానే నేల ఒక్కసారి పైకి లేచింది, అంతలో హార్నెస్ అన్ని వైపులనుంచి ఆమెను పట్టుకుంది, తొడల దగ్గర, నడుము దగ్గర, భుజాల దగ్గర. ఆగింది. ఊగుతూ ఆగింది. భుజం వెనక ఏ పోగూ తెగలేదు. తర్వాత చరియ మెల్లగా పైకి జరగడం మొదలైంది.

నేల తగిలాక కాళ్ళు నిలవలేదు. పడుకోవద్దు, కూర్చో అంటూ మునిశేఖర్ ఆమెను బండకు ఆనించాడు, తన చేతులతో బకిల్ విప్పబోయాడు, అది రెండుసార్లు జారిపోయింది. నేను తీస్తానన్నా అంది. ఛాతీ, ఎడమ కాలు, కుడి కాలు. హార్నెస్ పక్కకు ఒరిగి పడ్డాక, ఏ పట్టీ లేకుండా నేలమీద కూర్చున్నాక, అప్పుడు పట్టుకుంది వణుకు. పళ్ళు కదిలేంత వణుకు. బయ్యమ్మ వచ్చి ఆమె పాదాలు రెండూ ఒళ్ళో పెట్టుకుని గట్టిగా రుద్దింది.

మీరు పోకుండా ఉన్నారక్కా, ఎవరో ఏమో తెలియని మనిషి కోసం అంది కృష్ణవేణి, మాటలు విరిగిపోతుంటే.

"పోదామనే అనుకున్యానమ్మా. కాళ్ళు రాలే," బయ్యమ్మ తల ఎత్తకుండా అంది. "ఉంటే నువ్వు పడేది సూడల్ల. పోతే ఏమైందో తెలీక సావల్ల. యాడికి పోయేది?"

తర్వాత లేచి దోటి తీసుకుంది. మేకలు అవతలి గుట్ట మీద చెదిరిపోయి ఉన్నాయి. ఒక పిల్లమేక రాతిగట్టు మీదికి ఎక్కి దిగలేక అరుస్తోంది. బయ్యమ్మ వాగు దాటింది, చెప్పులు కింద వదిలి గట్టు ఎక్కసాగింది, ఒక చెయ్యి చీలికలో పెట్టి, ఇంకో చెయ్యి దోటి మీద పెట్టి. గోవిందరాజులు జీపు తిప్పుకొచ్చాడు. మునిశేఖర్ ఆసుపత్రికి పోదాం లెమ్మన్నాడు, కాళ్ళు ఎట్లుండాయో డాక్టరు చూడాలన్నాడు. కృష్ణవేణి ఉండన్నా అంది. బయ్యమ్మ కాలు ఒకచోట జారింది, రెండు రాళ్ళు దొర్లి వాగులో పడ్డాయి. కృష్ణవేణికి చూడబుద్ధి కాలేదు, కళ్ళు తిప్పుకోబుద్ధీ కాలేదు. బయ్యమ్మ ఎర్రచీర ఒక బండ వెనక్కి పోయింది. పిల్లమేక అరుపు ఆగింది. గంటలు ఆగాయి. గోవిందరాజులు ఇంజను ఆపేశాడు. ఆయన అప్పటికి రెండుసార్లు గడియారం చూసుకున్నాడు.

పిల్లమేకను మెడ మీద వేసుకుని బయ్యమ్మ బండ ఇవతలికి వచ్చి, కిందికి దిగి, చెప్పులు తొడుక్కునేదాకా కృష్ణవేణి అక్కడినుంచి కదలలేదు.